గుదాన్ ఎక్కడ నిలబడ్డాడు

(ఒక సాయంత్రం సభలో చేసిన ప్రసంగానికి రాతప్రతి)

అందరికీ నమస్కారం. వెనక ఉన్నవాళ్లు కొంచెం ముందుకొచ్చి కూర్చుంటే బాగుంటుంది. బోర్డు మీద ఒకటి రెండు బొమ్మలు గీయాల్సి ఉంది.

నన్ను నెపోలియన్ గురించి మాట్లాడమని అడిగారు. నెపోలియన్ గురించి మీకు తెలిసిందే చాలా ఉంది. ఆయన గెలిచిన యుద్ధాల్లో తుపాకీ దెబ్బకి ఎదురుగా నిలబడ్డవాళ్ల గురించి చెప్పుకునేది తక్కువ. అందుకని ఈ పూట ఒక పదాతిదళం జనరల్ గురించి చెప్తాను. పేరు షార్ల్ ఎతియెన్ గుదాన్. ఫ్రెంచివాళ్లు పలికేటప్పుడు చివరి 'న్' ముక్కులోనే ఉండిపోతుంది. మనం గుదాన్ అనే అందాం.

సైన్యంలో అన్నిటికంటే పెద్ద హోదా మార్షల్. అది కాలేదు. రాజు కాలేదు. నెపోలియన్ సేనానుల్లో కొందరికి రాజ్యాలు దక్కాయి, ఒకాయన స్వీడన్ సింహాసనం దాకా వెళ్లాడు. గుదాన్ 1800లో డివిజన్ జనరల్, అంటే ఏడెనిమిది వేల మందిని నడిపేవాడు, అయ్యాడు, 1812లో చనిపోయేనాటికీ డివిజన్ జనరలే. పన్నెండేళ్లు అదే హోదా. నాకు ఆయన మీద గౌరవం మొదలైంది సరిగ్గా ఇక్కడే.

1768 ఫిబ్రవరి 13న మోంతార్జీ అనే ఊళ్లో పుట్టాడు. పారిస్‌కి దక్షిణంగా ఉంటుంది. చిన్నపాటి కులీన కుటుంబం. బ్రియెన్ సైనిక పాఠశాలలో చదువుకున్నాడు. నెపోలియన్ చదివింది కూడా అక్కడే, దాదాపు అవే రోజుల్లో. నెపోలియన్ కంటే ఏడాదిన్నర పెద్దవాడు. 1784లో పదాతి రెజిమెంటులో చిన్న ఆఫీసరుగా చేరాడు. ఐదేళ్లకి ఫ్రెంచి విప్లవం వచ్చింది. కులీన కుటుంబాల ఆఫీసర్లు చాలామంది దేశం విడిచి వెళ్లిపోయారు. గుదాన్ ఉండిపోయాడు. కొంతకాలం సముద్రం దాటి సాన్ దొమాంగ్‌కి, అంటే ఇప్పటి హైతీకి వెళ్లొచ్చాడు. ఆ తర్వాత జనరల్‌గా ఉన్న బంధువు దగ్గర సహాయకుడిగా చేశాడు, రైన్ నది సరిహద్దులో స్టాఫ్ ఆఫీసరుగా ఏళ్లు గడిపాడు. 1799లో బ్రిగేడియర్ హోదా వచ్చింది. ఈ పదిహేనేళ్లనీ నేను గబగబా దాటేస్తున్నాను, ఎందుకంటే మనిషి ఎలాంటివాడో బయటపడింది ఆ 1799లోనే, స్విట్జర్లాండ్ కొండల్లో.

ఆగస్టులో గ్రిమ్సెల్ కనుమని ఆస్ట్రియన్ల దగ్గర నుంచి లాక్కున్నాడు. స్థానికుడొకడు కొండ చుట్టూ తిప్పి తీసుకెళ్లి పైనుంచి దింపాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది గెలుపు. నెల తిరిగేసరికి పరిస్థితి తారుమారైంది. ఇటలీ వైపు నుంచి రష్యన్ సేనాని సువొరొవ్ సైన్యంతో గొథార్డ్ కనుమ ఎక్కడం మొదలుపెట్టాడు. ఐరోపాలో ఆనాటికి ఓటమి ఎరగని సేనాని. కనుమ కాపలా గుదాన్ బ్రిగేడ్‌ది. సెప్టెంబర్ 24న రష్యన్లు ఎదురుగా వచ్చారు, ఫ్రెంచివాళ్లు వెనక్కి కొట్టారు. మళ్లీ వచ్చారు, మళ్లీ కొట్టారు. చివరికి సువొరొవ్ కింది జనరల్ బాగ్రతియోన్ మనుషులు పక్క కొండలెక్కి చుట్టుముట్టబోతుంటే గుదాన్ తన వాళ్లని విడగొట్టుకోకుండా వెనక్కి తీసుకొచ్చాడు.

కనుమ పోయింది. కానీ ఒక రోజు గడిచింది. ఆ రోజుల్లోనే సువొరొవ్ సాయానికి చేరుకోవాల్సిన మిత్ర సైన్యాన్ని జూరిక్ దగ్గర ఫ్రెంచి సేనాని మసేనా ఓడించాడు. పదాతిదళం జనరల్ చేసే పనిలో పెద్ద భాగం ఇలాంటిదే. ఇంకెవరో ఇంకెక్కడో గెలవడానికి కావాల్సిన గంటల్ని సంపాదించిపెట్టడం. ఆ గంటలకి మనుషుల ప్రాణాలతో ఖరీదు కట్టాలి. ఎన్ని ప్రాణాలకి ఎన్ని గంటలు అన్న లెక్క అక్కడికక్కడే, గుర్రం మీద కూర్చుని, తేల్చుకోవాలి.

ఇక్కడ ఆ కాలం పోరాటం గురించి కాస్త చెప్పాలి. లేకపోతే ముందు చెప్పబోయేది అర్థం కాదు.

సిపాయి చేతిలో ఉన్నది లోపల నున్నగా ఉండే గొట్టం తుపాకీ. మూతి వైపు నుంచి మందూ గుండూ దట్టించాలి. బాగా శిక్షణ ఉన్నవాడు నిమిషానికి రెండు మూడు సార్లు పేల్చగలడు. వంద మీటర్లు దాటితే గురి అనే మాటే లేదు. కాబట్టి ఒక్కడి తుపాకీకి విలువ లేదు. ఐదారు వందల మంది భుజం భుజం ఆనించి ఒక్కసారి పేలిస్తేనే అది ఆయుధం. అందుకే మూడు వరసల్లో బారుగా నిలబెట్టేవాళ్లు. ఆ బారుకి పక్కా వెనకా రక్షణ ఉండదు. గుర్రపుదళం వచ్చిందంటే బారుని చతురస్రంగా మడవాలి. ఇదిగో, ఇలా. నాలుగు వైపులా బయటికి బాయ్‌నెట్లు, అంటే తుపాకీ మూతికి బిగించిన కత్తులు, లోపల ఆఫీసర్లు, జెండా, గాయపడ్డవాళ్లు. బాయ్‌నెట్ల కంచెలోకి గుర్రం దూకదు, రౌతు ఎంత పొడిచినా పక్కకి తిరిగిపోతుంది. కానీ ఒక్క వైపు పది మంది బెదిరి పరుగెత్తారా, ఆ సందులోంచి గుర్రాలు లోపలికొస్తాయి. ఇక అది యుద్ధం కాదు, నరుకుడు.

పైగా చతురస్రం ఫిరంగికి సులువైన గురి. గుర్రాలొస్తే చతురస్రం కావాలి, ఫిరంగులు మోగితే విప్పాలి, శత్రువు కాల్బలం వస్తే బారు కట్టాలి. తప్పు సమయంలో తప్పు ఆకారంలో దొరికితే పదిహేను నిమిషాల్లో ఒక బెటాలియన్ మాయమైపోతుంది. ఇవన్నీ పొగలో, చప్పుడులో, భయంలో జరగాలి. ఒంటికి పట్టిన అలవాటు కాకపోతే జరగవు.

ఆ అలవాటు ఎక్కడ పట్టింది? 1803 నుంచి 1805 దాకా ఇంగ్లండ్ మీదికి దండెత్తడానికని సముద్ర తీరంలో పెద్ద శిబిరాలు వేశారు. బ్రూజ్ దగ్గరి శిబిరం దావూది. మార్షల్ దావూ కఠినుడు, కళ్లద్దాలు పెట్టుకునేవాడు, సిపాయి సంచిలో ఏముందో దగ్గరుండి చూసేవాడు. భోజనం, బూట్లు, జీతం, డ్రిల్లు అన్నీ పట్టించుకునేవాడు. ఆ శిబిరం నుంచి వచ్చిందే మూడో కోర్. కోర్ అంటే కొన్ని డివిజన్లు కలిసిన సైన్యం. అందులో మూడు పదాతి డివిజన్లు, ముగ్గురు జనరల్స్. మొరాన్, ఫ్రియాన్, గుదాన్. చరిత్రకారులు ఈ మూడు పేర్లూ దాదాపు ఎప్పుడూ కలిపే చెప్తారు. 1806 నుంచి ఏళ్ల తరబడి వాళ్లు మారలేదు. నా ఉద్దేశంలో ఆ కోర్ బలంలో సగం అదే.

1805 డిసెంబర్ 2న ఆస్టర్లిట్జ్ జరిగింది. నెపోలియన్ గెలుపుల్లో అన్నిటికంటే పేరున్నది. ఫ్రియాన్ డివిజన్ వియన్నా వైపు నుంచి నూరు కిలోమీటర్లకు పైగా రెండు రోజుల్లో నడిచొచ్చి పోరాడింది. గుదాన్ డివిజన్ ఇంకా దూరంగా ఉంది, అందుకోలేకపోయింది. ఈ తేదీ గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ వస్తుంది.

ఇప్పుడు 1806 అక్టోబర్ 14. బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యాతో యుద్ధం. నెపోలియన్ జేనా దగ్గర ఉన్నాడు, తన ఎదురుగా ఉన్నదే ప్రష్యన్ ముఖ్య సైన్యం అనుకుంటున్నాడు. అది పొరపాటు. ముఖ్య సైన్యం అక్కడికి ఇరవై కిలోమీటర్ల పైన ఉత్తరంగా, ఆవెర్‌స్టెట్ అనే ఊరి దగ్గర ఉంది. రాజు ఫ్రెడరిక్ విలియం కూడా దానితోనే ఉన్నాడు. సేనాని బ్రున్స్‌విక్ డ్యూక్. దాదాపు 60 వేల మంది. వాళ్లు వెళ్లే దారిలోకి దావూ వస్తున్నాడు, 26 వేల మందితో. అందరికంటే ముందు నడుస్తున్నది గుదాన్ డివిజన్.

తెల్లవారక ముందే కోసెన్ దగ్గర వంతెన మీదుగా జాలె నది దాటారు. అక్కడి నుంచి నిట్టనిలువు ఎక్కుడు. పైకెక్కితే పీఠభూమి, మధ్యలో హాసెన్‌హౌసెన్ అనే చిన్న పల్లె. దట్టమైన పొగమంచు. పది గజాల అవతల మనిషి కనిపించడు. ఆ మంచులోనే ప్రష్యన్ గుర్రపుదళం ఎదురుపడింది.

మిగతా రెండు డివిజన్లు ఇంకా వెనక, ఆ ఎక్కుడు దారిలో ఉన్నాయి. ఫ్రియాన్ వచ్చేసరికి దాదాపు తొమ్మిదిన్నర అయింది. మొరాన్ పదకొండు ప్రాంతంలో వచ్చాడు. అప్పటిదాకా గుదాన్‌కి నాలుగు రెజిమెంట్లు. 12, 21, 25, 85. ఈ అంకెల్ని నేను ఊరికే చదవడం లేదు. ఆ వేల మంది సిపాయిల పేర్లు మనకి అందలేదు, రెజిమెంటు అంకె ఒక్కటే మిగిలింది. అందుకని కనీసం అదైనా గట్టిగా పలకాలనిపిస్తుంది.

ప్రష్యన్ జనరల్ బ్లూషర్ గుర్రపుదళం మంచులోంచి మీదపడింది. బెటాలియన్లు చతురస్రాలు కట్టాయి. ఒకసారి, రెండోసారి, మూడోసారి. దావూ, గుదాన్ చతురస్రాల లోపలే ఉన్నారు. ఒక చతురస్రం నుంచి ఇంకో చతురస్రానికి పోతూ సిపాయిలకి ధైర్యం చెప్పారు. ఒక్కటి కూడా విరగలేదు. చివరికి బ్లూషర్ గుర్రాలే చెదిరిపోయాయి. ఆ తర్వాత అసలు దెబ్బ మొదలైంది. ప్రష్యన్ కాల్బలం బారులు తీరి పల్లె మీదికి వచ్చింది. ఫ్రియాన్ రాగానే దావూ అతన్ని కుడివైపు పెట్టాడు. దాంతో పల్లెకి ఎడమవైపు దాదాపు ఖాళీ. 85వ రెజిమెంటు ఒక్కటే అక్కడ. కాసేపు అది పల్లె వదిలి వెనక్కి తగ్గక తప్పలేదు. దావూ, గుదాన్ కలిసి మళ్లీ ముందుకి తెచ్చారు. ఆ పూట తెగిపోయేలా ఉన్న తాడు తెగకుండా ఆగింది అక్కడే.

సుమారు పది గంటలప్పుడు బ్రున్స్‌విక్ డ్యూక్‌కి తుపాకీ గుండు తగిలి రెండు కళ్లూ పోయాయి. నెల తిరక్కుండానే చనిపోయాడు. ప్రష్యన్ సైన్యానికి తల లేకుండా పోయింది. మొరాన్ వచ్చి ఎడమవైపు నింపాడు. మధ్యాహ్నానికి 60 వేల మంది సైన్యం 26 వేల మంది ముందు వెనక్కి తిరిగింది.

నెపోలియన్ జేనాలో గెలిచానని సంబరంలో ఉన్నాడు. దావూ పంపిన కబురు విని మొదట నమ్మలేదు, మీ మార్షల్‌కి ఒకటి రెండుగా కనిపించినట్టుంది అన్నాడట. తర్వాత నమ్మక తప్పలేదు. దావూకి ఆవెర్‌స్టెట్ డ్యూక్ బిరుదు వచ్చింది. బెర్లిన్‌లోకి మొదట అడుగుపెట్టే గౌరవం మూడో కోర్‌కి ఇచ్చాడు. అక్టోబర్ 25న వాళ్లు ప్రవేశించారు, నెపోలియన్ రెండు రోజుల తర్వాత వచ్చాడు.

ఇప్పుడు ఖరీదు చెప్పాలి. కోర్ మొత్తం మీద చచ్చినవాళ్లూ గాయపడ్డవాళ్లూ కలిపి 7 వేలు. గుదాన్ డివిజన్‌లో మాత్రం పదిమందిలో నలుగురు. పొద్దున్న వంతెన దాటినప్పుడు నీకు అటూ ఇటూ, ముందూ వెనకా నడిచిన నలుగుర్నీ తలుచుకో, నీతో కలిపి ఆ ఐదుగురిలో ఇద్దరు సాయంత్రానికి లేరు లేదా లేవలేరు. ఇది నన్ను ఇప్పటికీ కలవరపెడుతుంది. నెపోలియన్ యుద్ధాలని వర్ణించే చాలామంది ఈ అంకె దగ్గర ఆగరు. ఆగాలి అని నేను గట్టిగా అనుకుంటాను. అంతమంది పడిపోయాక కూడా మిగిలిన వాళ్లు ఎందుకు పారిపోలేదు? పక్కవాడు ఉన్నాడు కాబట్టి. జనరల్ కనిపిస్తున్నాడు కాబట్టి. మూడేళ్లు ఒకే చోట తిన్నారు, ఒకే చోట తడిశారు కాబట్టి.

తర్వాత పోలండ్ చలికాలం వచ్చింది. పుల్టుస్క్ దగ్గర డివిజన్‌ని గుదాన్ బదులు దొల్తాన్ అనే ఇంకో జనరల్ నడిపించాడు. 1808లో గుదాన్‌కి కౌంట్ బిరుదు. 1809లో ఆస్ట్రియాతో మళ్లీ యుద్ధం. ఏప్రిల్‌లో ఆబెన్స్‌బెర్గ్ దగ్గర నెపోలియన్‌కి మార్షల్ లాన్ కోసం అర్జెంటుగా ఒక కోర్ కావాల్సి వచ్చింది. మొరాన్, గుదాన్ డివిజన్లని దావూ దగ్గర నుంచి తీసి లాన్ చేతిలో పెట్టాడు. పని గట్టిగా జరగాలంటే ఎవర్ని అడగాలో చక్రవర్తికి తెలుసు. జులైలో వాగ్రాం. రెండు రోజుల యుద్ధం. దావూ కోర్ వంతుకి మార్క్‌గ్రాఫ్‌నోయ్‌సీడెల్ అనే ఊరు పడింది. గట్టు మీద ఊరు, పాతకాలపు బురుజు, ఆస్ట్రియన్ సేన ఎడమ అంచు. ఆ గట్టు ఎక్కే పోరాటంలో గుదాన్‌కి నాలుగు గాయాలు తగిలాయి.

ప్రశ్న వచ్చింది. జనరల్ అంటే వెనక ఉండి నడిపించాలి కదా, అంత ముందుకెందుకు వెళ్లాడు అని. మంచి ప్రశ్న. అప్పుడు వైర్‌లెస్ లేదు. తుపాకీమందు పొగ కమ్ముకుంటే వంద గజాల అవతల ఏం జరుగుతోందో తెలియదు. ఏడెనిమిది వేల మందిని నడపాలంటే కళ్లతో చూడాలి, కబురు మనిషితో పంపాలి, ఆ మనిషి దారిలో చస్తే ఇంకొకణ్ని పంపాలి. కోర్ కమాండర్ కొంచెం వెనక ఉండొచ్చు. డివిజన్ జనరల్ ఉండలేడు. ఇంకోటి, సిపాయి పక్కకి చూసినప్పుడు గుర్రం మీద ఆ మనిషి కనపడాలి. కనపడకపోతే సిపాయి చూపు వెనక్కి తిరుగుతుంది. ఇది గొప్ప కోసం చేసింది కాదు, ఉద్యోగంలో భాగం.

1812. జూన్ 24న నెపోలియన్ మహాసేన నేమన్ నది దాటి రష్యాలోకి వెళ్లింది. దావూది ఇప్పుడు మొదటి కోర్, ఐదు డివిజన్లు. మొదటిది మొరాన్‌ది, రెండోది ఫ్రియాన్‌ది, మూడోది గుదాన్‌ది. వరస మారలేదు. ఎండ, దుమ్ము, కలుషిత నీళ్లు, దొరకని తిండి. యుద్ధం జరగక ముందే వేల మంది రాలిపోయారు. ఆగస్టు 17న స్మోలెన్స్క్ గోడల ముందు పోరాటం జరిగింది, ఊరు తగలబడింది. రష్యన్ సేనాని బార్‌క్లే రాత్రికి రాత్రి తప్పుకున్నాడు.

ఆగస్టు 19న ఊరికి తూర్పున వలూతినో దగ్గర మార్షల్ నెయ్ రష్యన్ల తోకని పట్టుకున్నాడు. బార్‌క్లే సైన్యం అడ్డదారుల్లోంచి మాస్కో రోడ్డుకి ఎక్కేదాకా రష్యన్ జనరల్ పావెల్ తుచ్‌కోవ్ ఒక వాగు వెనక నిలబడి రోడ్డు కాస్తున్నాడు. అంటే గొథార్డ్‌లో గుదాన్ చేసిన పనే, ఈసారి రష్యన్ చేస్తున్నాడు. జునో అనే ఫ్రెంచి జనరల్ తన కోర్‌తో రష్యన్ల పక్కకి వెళ్లి ఉన్నాడు. కదిలితే దారి మూసుకుపోయేది. ఎంత చెప్పినా కదల్లేదు. నెపోలియన్ స్మోలెన్స్క్‌లో ఉన్నాడు, అది పెద్ద యుద్ధమని అనుకోలేదు. నెయ్‌కి సాయంగా గుదాన్ డివిజన్‌ని పంపారు. సాయంత్రం అయింది. వాగు, చిత్తడి నేల, అవతల గట్టు మీద ఫిరంగులు. గుదాన్ గుర్రం దిగి మనుషులతో పాటు వాగు వైపు నడిచాడు. ఫిరంగి గుండు వచ్చి ఎడమకాలిని నుజ్జు చేసింది, కుడి పిక్కని చీల్చేసింది.

డివిజన్ ఆగలేదు. జెరార్ అనే జనరల్ దాన్ని చేతిలోకి తీసుకున్నాడు, గట్టు ఎక్కారు. చీకటి పడ్డాక తుచ్‌కోవ్ గాయాలతో పట్టుబడ్డాడు. కానీ బార్‌క్లే సైన్యం జారిపోయింది. జునో కదలకపోవడం వల్ల ఆ పోరాటం మొత్తం వృథా అయిందని నా అభిప్రాయం.

గుదాన్‌ని స్మోలెన్స్క్‌కి మోసుకొచ్చారు. ఎడమకాలు తీసేశారు. గాయం కుళ్లింది. నెపోలియన్ వచ్చి చూశాడు. మూడు రోజులకి, ఆగస్టు 22న, గుదాన్ చనిపోయాడు. నలభై నాలుగేళ్లు. యుద్ధం మర్నాడే చక్రవర్తి ఆ మైదానానికి వెళ్లి, శవాల మధ్య గుదాన్ రెజిమెంట్లని నిలబెట్టి పతకాలూ పదోన్నతులూ ఇచ్చాడు. 127వ రెజిమెంటు కొత్తది, దానికింకా చక్రవర్తి రెజిమెంట్లకిచ్చే గద్ద జెండా లేదు. ఆ రోజు ఇచ్చాడు. గుదాన్ భార్యకి ఉత్తరం రాశాడు.

అంత్యక్రియలు దావూ చూసుకున్నాడు. స్మోలెన్స్క్ కోటలో పాతిపెట్టారు. గుండెని మాత్రం తీసి పారిస్ పంపారు, పేర్ లషేజ్ శ్మశానంలో ఉంచారు. పారిస్ విజయతోరణం మీద పేరు చెక్కారు. రెండు వారాల తర్వాత ఆ డివిజన్ బొరొదినోలో పోరాడింది, ఆ తర్వాత మంచులో కరిగిపోయింది. ఆ సమాధి ఎక్కడుందో జనం మర్చిపోయారు.

2019లో పియెర్ మాలినోవ్‌స్కీ అనే ఫ్రెంచి ఆయన నాయకత్వంలో ఫ్రెంచి, రష్యన్ పురావస్తు బృందం వెతకడం మొదలుపెట్టింది. ముందు దావూ రాసిన వివరాలు పట్టుకుని తవ్వారు, దొరకలేదు. ఇంకో ప్రత్యక్ష సాక్షి రాసిన దాన్ని బట్టి ఇంకోచోట తవ్వారు. జులై 6న పార్కులో, పాత డాన్స్ వేదిక పునాది కింద, చెక్క శవపేటిక బయటపడింది. లోపల అస్థిపంజరం. ఎడమకాలు లేదు. కుడికాలి ఎముక మీద దెబ్బ. చూసిన వెంటనే అందరికీ అర్థమైంది, అయినా ల్యాబుకి పంపారు. గుదాన్ కుటుంబ సభ్యుల అవశేషాలతో పోల్చిన డీఎన్‌ఏ సరిపోయిందని ఆ నవంబర్‌లో ప్రకటించారు.

నేను ఆ వార్త చదివిన రాత్రి చాలాసేపు పడుకోలేకపోయాను. ఏళ్ల తరబడి పుస్తకాల్లో పేరుగా ఉన్న మనిషి ఎముకలుగా కనిపించాడు. లేని కాలే ఆయన గుర్తింపు కార్డయింది.

2021 జులై 13న విమానంలో పారిస్ దగ్గర ల బూర్జే విమానాశ్రయానికి తెచ్చారు. సైనిక వందనం ఇచ్చారు. అన్వాలిద్‌లో, నెపోలియన్ సమాధి ఉన్న ఆ ప్రాంగణంలోనే, సమాధి చేశారు. అందుకు ఎంచుకున్న తేదీ డిసెంబర్ 2. ఆస్టర్లిట్జ్ రోజు. బతికుండగా గుదాన్ అందుకోలేకపోయిన రోజు.

ఇప్పుడు దేహం సేన్ నదికి ఎడమ గట్టున అన్వాలిద్‌లో ఉంది. గుండె కుడి గట్టున, ఊరికి తూర్పున, పేర్ లషేజ్ కొండ మీద ఉంది. మీలో ఎవరైనా పారిస్ వెళ్తే రెండు చోట్లకీ ఒకే రోజులో వెళ్లి రావొచ్చు.

టైమైంది. ప్రశ్నలుంటే అడగండి.